మద్య వ్యసనం: జీవసూచికలను చదవడం, ఉపరకాన్ని గుర్తించడం ఎలా

మద్యం అలవాటున్న వ్యక్తి రక్తపరీక్షల రిపోర్టు చేతికి రాగానే కుటుంబసభ్యులైనా, ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన వైద్యులూ కౌన్సెలర్లూ అయినా సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇతను తాగుడుకు బానిసయ్యాడా, లేదా? ఆ ప్రశ్నకు ల్యాబు రిపోర్టు నేరుగా జవాబు చెప్పదు. రక్తంలోనో మూత్రంలోనో వెంట్రుకలోనో దొరికే సూచికలు ఒంట్లోకి మద్యం ఎంత వెళ్లింది, ఏ కాలంలో వెళ్లింది అన్నంతవరకే చెబుతాయి. వ్యసనం ఉందా లేదా అన్నది ఆ మనిషి ప్రవర్తనను, అదుపు తప్పిన తీరును, మానేసినప్పుడు కనిపించే లక్షణాలను బట్టి తేల్చవలసిన సంగతి. ఇక ఆ వ్యసనం ఏ ఉపరకానికి చెందుతుందన్నది అది ఏ వయసులో మొదలైంది, ఎలా నడిచింది, కుటుంబంలో ఇంకెవరికి ఉంది అన్న చరిత్ర నుంచి తెలుస్తుంది. ఈ మూడు ప్రశ్నలనూ కలిపేయకుండా, ఒక్కొక్కదానికి దానికి తగిన పద్ధతిలో జవాబు వెతకడం ఎలాగో కింద వివరంగా చూద్దాం.

ముందు ప్రశ్నలు, తర్వాతే సూది

పరీక్షకు పంపే ముందు చేయవలసిన పని కూర్చుని మాట్లాడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి. మొత్తం 40 మార్కులకు 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయికి చేరిందని, 20 గానీ ఆపైన గానీ వస్తే వ్యసనం కోసం పూర్తిస్థాయి పరిశీలన చేయవలసిందేనని లెక్క. సమయం తక్కువగా ఉన్నచోట నాలుగే ప్రశ్నలున్న కేజ్ ప్రశ్నావళి సరిపోతుంది: తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, దాని గురించి ఎవరైనా విమర్శిస్తే చిరాకు వేసిందా, తప్పు చేస్తున్నానన్న భావం కలిగిందా, పొద్దున లేవగానే కుదుటపడటానికి తాగవలసి వచ్చిందా. వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే లోతుగా అడగాలి.

అసలు నిర్ధారణ మాత్రం 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మనోవైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథం) ప్రమాణాల వంటివాటితో చేస్తారు. అందులో 11 లక్షణాలున్నాయి. గడిచిన 12 నెలల్లో వాటిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు కనిపిస్తే మధ్యస్థం, ఆరు గానీ అంతకు మించి గానీ కనిపిస్తే తీవ్రం. గమనించవలసిన విషయమేమిటంటే, ఆ పదకొండింటిలో ఒక్కటి కూడా ల్యాబు పరీక్ష కాదు. రోజుకు ఇన్ని గ్రాములు తాగితే వ్యసనం అన్న కొలత కూడా అందులో ఎక్కడా లేదు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, మానాలని చూసి మానలేకపోవడం, తాగాలన్న తహతహ, పనీ సంసారమూ దెబ్బతింటున్నా ఆపకపోవడం, మోతాదు పెంచితే తప్ప పట్టకపోవడం, మానితే వణుకూ చెమటలూ రావడం, ఇలాంటివే అందులోని అంశాలు.

అయితే గ్రాముల లెక్క అక్కర్లేదని కాదు. రిపోర్టును అర్థం చేసుకోవడానికి అది తప్పనిసరి. పానీయం పరిమాణాన్ని మిల్లీలీటర్లలో తీసుకుని, సీసాపై రాసిన ఆల్కహాల్ శాతంతో గుణించి, వంద చేత భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు 500 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాములు, 40 శాతం ఉన్న విస్కీ 150 మిల్లీలీటర్లలో సుమారు 47 గ్రాములు ఉంటాయి. రోజుకు ఎన్ని గ్రాములు, వారానికి ఎన్ని రోజులు, చివరిసారి తాగింది ఏ రోజు ఏ వేళకు అన్న మూడు వివరాలనూ రక్తం తీసే ముందే రాసి పెట్టుకోవాలి. వాటి పక్కనే వాడుతున్న మందులు, మధుమేహం, థైరాయిడ్, ఊబకాయం, పొగతాగే అలవాటు, ఈమధ్య ఎక్కించుకున్న రక్తం, వాడుతున్న మౌత్‌వాష్, శానిటైజర్ వివరాలూ రాయాలి. ఇవన్నీ ఎందుకన్నది ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. పరీక్షలో మంచి అంకెలు రావాలని, రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఉన్నట్టుండి మాన్పించకూడదు. చివరి గుటక తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి గందరగోళమై, లేనివి కనిపించే డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు. గతంలో ఒకసారి ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చినవారిని వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

పరోక్ష సూచికలు: తాగుడు శరీరంపై వేసిన ముద్ర

సూచికలు రెండు జాతులు. మద్యం వల్ల కాలేయంలో, రక్తకణాల్లో వచ్చిన మార్పును కొలిచేవి పరోక్ష సూచికలు. మద్యం అణువే మారి తయారైన పదార్థాన్ని కొలిచేవి ప్రత్యక్ష సూచికలు. పరోక్ష సూచికలు చవక, ఎక్కడైనా దొరుకుతాయి, కానీ ఇతర జబ్బుల్లోనూ పెరుగుతాయి. ప్రత్యక్ష సూచికలు మద్యం లేకుండా పుట్టవు కనుక నమ్మకం ఎక్కువ, కానీ ఒక్కొక్కదానికి ఒక్కో కాలపరిమితి ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా రాసేది గామా గ్లుటామైల్ ట్రాన్స్‌ఫరేజ్, అంటే జీజీటీ. వారాల తరబడి ఎక్కువగా తాగితే పెరుగుతుంది, పూర్తిగా మానేస్తే సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో మామూలు స్థాయికి దిగుతుంది. చిక్కేమిటంటే ఊబకాయం, మధుమేహం, కొవ్వు పట్టిన కాలేయం, పిత్తనాళాల్లో అడ్డంకి, ఫెనిటాయిన్, ఫీనోబార్బిటాల్ వంటి ఫిట్స్ మందులు, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. పైగా యువకుల్లో బాగా తాగేవారికి కూడా ఇది పెరగకపోవచ్చు. అందుచేత జీజీటీ ఒక్కటీ పెరిగిందని ఎవరినీ తాగుబోతు అనకూడదు, పెరగలేదని ఎవరినీ వదిలేయకూడదు. దీని అసలు ప్రయోజనం ఒకే మనిషిలో వారాల తరబడి అది ఎక్కడం, దిగడం చూడటంలో ఉంది.

కాలేయ పరీక్షలో కనిపించే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే రెండు ఎంజైములను విడివిడిగా కాక నిష్పత్తిగా చదవాలి. కొవ్వు కాలేయంలో, వైరల్ హెపటైటిస్‌లో సాధారణంగా ఏఎల్‌టీ ఎక్కువగా ఉంటుంది. మద్యం వల్ల వచ్చిన కాలేయ వాపులో ఏఎస్‌టీ ఎక్కువై, ఏఎల్‌టీకి రెండింతలో అంతకు మించో ఉంటుంది. బాగా తాగేవారిలో బి6 విటమిన్ లోపిస్తుంది, ఏఎల్‌టీ తయారీకి అది ఎక్కువగా కావాలి. అటు మద్యం కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీసి ఏఎస్‌టీని రక్తంలోకి వదులుతుంది. ఈ రెండూ కలిసి నిష్పత్తిని తలకిందులు చేస్తాయి. అయితే మద్యం ఒక్కదాని వల్ల ఏఎస్‌టీ లీటరుకు 400 యూనిట్లు దాటడం అరుదు. వేలల్లో ఉంటే వైరస్ గానీ, పారాసిటమాల్ మోతాదు మించడం గానీ, మరో కారణం గానీ వెతకాలి. ఏఎస్‌టీ కండరాల్లో కూడా ఉంటుందని, ఫిట్స్ వచ్చిన మనిషిలో దానివల్లనే పెరిగి ఉండవచ్చని గుర్తుంచుకోవాలి.

ఎర్ర రక్తకణాల సగటు పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ మామూలు రక్తపరీక్షలోనే వచ్చేస్తుంది. 100 ఫెమ్టోలీటర్లు దాటితే కణాలు పెద్దవయ్యాయని అర్థం. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక, మానేసిన తర్వాత కూడా ఎంసీవీ దిగడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. నెల క్రితం మానేసిన మనిషికి ఎంసీవీ ఇంకా ఎక్కువగానే ఉందని అనుమానించడం అన్యాయం. బి12, ఫోలేట్ లోపాలు, థైరాయిడ్ మందగించడం, కొన్ని మందులు కూడా దీన్ని పెంచుతాయి.

పరోక్ష సూచికల్లో మద్యానికి అతి దగ్గరగా నిలిచేది సీడీటీ, అంటే కార్బోహైడ్రేట్ తక్కువైన ట్రాన్స్‌ఫెరిన్. ట్రాన్స్‌ఫెరిన్ రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్. దానికి చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. రోజుకు 50 నుంచి 80 గ్రాముల మద్యం ఒకటి రెండు వారాల పాటు తాగితే ఆ గొలుసులు లేని ప్రొటీన్ వాటా పెరుగుతుంది. 1970లలో స్వీడన్‌లో హెలెనా స్టిబ్లర్ బృందం దీన్ని గుర్తించింది. రిపోర్టులో దీన్ని మొత్తం ట్రాన్స్‌ఫెరిన్‌లో శాతంగా ఇస్తారు. ప్రామాణిక పద్ధతిలో 1.7 శాతాన్ని పైహద్దుగా తీసుకుంటారు, కానీ ల్యాబు పద్ధతిని బట్టి హద్దు మారుతుంది కనుక ఆ ల్యాబు ముద్రించిన హద్దునే చూడాలి. మానేశాక రెండు నుంచి నాలుగు వారాల్లో దిగుతుంది. కొవ్వు కాలేయానికి, మామూలు మందులకు పెద్దగా చలించదు. అదే దీని బలం. పుట్టుకతో ట్రాన్స్‌ఫెరిన్ రూపభేదం ఉన్నవారిలో, తీవ్రమైన కాలేయ జబ్బులో, గర్భవతుల్లో మాత్రం జాగ్రత్తగా చదవాలి. వారాంతంలో ఒకటి రెండు రోజులే విపరీతంగా తాగేవారిని ఇది తరచుగా పట్టుకోలేదు.

ప్రత్యక్ష సూచికలు: ఎన్ని రోజుల వెనక్కి చూడగలం

రక్తంలోనో శ్వాసలోనో ఉన్న మద్యం గంటకు డెసిలీటరుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది కనుక అది కొన్ని గంటల కథే. అయినా ఒక సందర్భంలో ఆ అంకెకు చాలా విలువ ఉంది. రక్తంలో డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి కూడా ఒక మనిషి తడబడకుండా నడుస్తూ, తేటగా మాట్లాడుతూ ఉంటే, అతని నాడీవ్యవస్థ మద్యానికి బాగా అలవాటుపడిందన్నమాట. వ్యసనం ఉందో లేదో ల్యాబు అంకె చెప్పదన్న నియమానికి ఇదొక్కటే దాదాపు మినహాయింపు: ఒక కొలత, ఒక పరిశీలన కలిసి వ్యసనం వైపు గట్టిగా వేలు చూపుతాయి. అలాంటి వ్యక్తికి రక్తంలో ఇంకా మద్యం ఉండగానే వణుకు మొదలుకావచ్చు కనుక, సున్నాకు దిగేదాకా ఆగుదామని కూర్చోకూడదు.

మూత్రంలో ఈటీజీ, ఈటీఎస్ అనే రెండు పదార్థాలు కనిపిస్తాయి. ఇవి కాలేయంలో మద్యం అణువు గ్లూక్యూరోనిక్ ఆమ్లంతో, సల్ఫేట్‌తో కలిసి ఏర్పడతాయి. కొద్దిగా తాగినా ఒకటి రెండు రోజులు, బాగా తాగితే మూడు రోజులు దాటి కూడా దొరుకుతాయి. మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల హద్దు పెడితే పరీక్ష చాలా సున్నితమవుతుంది, కానీ శానిటైజర్ పదేపదే వాడటం వల్ల, మద్యం కలిసిన మౌత్‌వాష్ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. 500కు హద్దు పెంచితే ఆ గోల చాలావరకు తగ్గుతుంది, కానీ ముందురోజు ఒకటి రెండు గ్లాసులు తాగిన మనిషి తప్పించుకోవచ్చు. శిక్షకో ఉద్యోగానికో ముడిపెట్టే పరీక్ష అయితే ఎక్కువ హద్దే న్యాయం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే బ్యాక్టీరియా ఈటీజీని నాశనం చేయగలదు, నమూనాలో మద్యం ఉంటే కొత్తగా పుట్టించనూ గలదు. ఈటీఎస్‌కు ఆ బెడద లేదు. అందుకే రెండూ కలిపి అడగాలి. నీళ్లు ఎక్కువగా తాగి వచ్చారా అన్నది తెలియడానికి క్రియాటినిన్ కూడా కొలవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇవి మామూలుకంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష: ఫాస్ఫటిడైల్‌ఇథనాల్. ల్యాబుల్లో దీన్ని పెత్ అంటారు. ఎర్రకణం పొరలోని కొవ్వు పదార్థం మీద ఫాస్ఫోలైపేజ్ డి అనే ఎంజైము పనిచేసేటప్పుడు, పక్కన నీటి అణువుకు బదులు మద్యం అణువు ఉంటే ఇది తయారవుతుంది. మద్యం లేనిదే ఇది పుట్టదు. కాలేయ జబ్బు, మందులు, లావు, వయసు వీటితో దీనికి పెద్దగా పని లేదు. సగం తగ్గడానికి సుమారు 4 నుంచి 10 రోజులు పడుతుంది కనుక రెండు నుంచి నాలుగు వారాల వెనక్కి చూడగలం. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే మానేశారని గానీ, ఎప్పుడో కాస్త తాగారని గానీ అర్థం. 200 దాటితే కొన్ని వారాలుగా ఎక్కువగా తాగుతున్నారని అర్థం. మధ్యలో ఉంటే తాగుతున్నారు, ఎంతన్నది మాట్లాడి తెలుసుకోవాలి. ఈ పరీక్షకు మొత్తం రక్తమే పంపాలి, సీరం పనికిరాదు, ఎందుకంటే పదార్థం ఉండేది ఎర్రకణాల్లోనే. వేలికొన రక్తపు చుక్కను ప్రత్యేక కాగితంపై ఆరబెట్టి పంపడం కూడా చెల్లుతుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారిలో దాత తాగిన మద్యం గుర్తు కూడా కనిపించవచ్చన్న సంగతి మరవకూడదు.

వెంట్రుకలోని ఈటీజీ నెలల వెనక్కి తీసుకెళ్తుంది, కానీ నమూనా తీయడంలోనే సగం పని ఉంది. తల వెనుకభాగంలో నడినెత్తికి కాస్త కింద, పెన్సిల్ మందం జుట్టును దారంతో కట్టి, చర్మానికి ఆనించి కత్తిరించాలి. కుదురు వైపు ఏది, చివర ఏది అన్నది గుర్తుపెట్టి అల్యూమినియం రేకులో చుట్టి, తేమ తగలని చోట ఉంచాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక కుదురు వైపు మూడు సెంటీమీటర్లు గడిచిన మూడు నెలల లెక్క చెబుతాయి. మిల్లీగ్రాముకు 30 పికోగ్రాములు దాటితే దీర్ఘకాలంగా అధికంగా తాగినట్టు, 5 లోపు ఉంటే తాగలేదన్న మాటకు అది విరుద్ధం కాదన్నట్టు అంతర్జాతీయంగా అంగీకరించారు. బ్లీచింగ్ చేయించుకున్న జుట్టులో ఈ అంకె తగ్గిపోతుంది.

రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూద్దాం

ఊహించిన రెండు ఉదాహరణలు తీసుకుందాం. మొదటి వ్యక్తికి జీజీటీ 140, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 75, ఎంసీవీ 89, సీడీటీ 1.1 శాతం, పెత్ 20 లోపు. బరువు ఎక్కువ, మధుమేహం ఉంది. పెరిగిన జీజీటీ చూసి ఇంట్లోవాళ్లు దొంగచాటుగా తాగుతున్నాడంటున్నారు. ఏఎల్‌టీ ఏఎస్‌టీ కంటే ఎక్కువగా ఉంది, కణాలు పెరగలేదు, మద్యానికి దగ్గరి సూచికలు రెండూ మామూలుగా ఉన్నాయి. ఇది కొవ్వు కాలేయం కథ. అనుమానాన్ని అక్కడితో ఆపి కాలేయానికి స్కానింగ్ చేయించాలి.

రెండో వ్యక్తికి జీజీటీ 62, ఎంసీవీ 102, సీడీటీ 1.5 శాతం, పెత్ 260. పది రోజులైంది మానేసి అంటున్నాడు. పెత్ 260 చూసి అబద్ధమని తేల్చేయడం తేలిక, కానీ సరికాదు. ముందు బాగా ఎక్కువ ఉన్న పెత్ పది రోజులకు 260 దగ్గర ఉండటం అసహజం కాదు. ఎంసీవీ అసలు కదిలే సమయమే కాలేదు. చేయవలసింది మూడు వారాల తర్వాత మళ్లీ కొలవడం. మానేసిన మాట నిజమైతే, నెమ్మదిగా తగ్గే శరీరంలో కూడా పెత్ 60 దగ్గరికో అంతకంటే కిందికో దిగాలి. 250 దగ్గరే ఉంటే ఈ మధ్యకాలంలో తాగినట్టే. అంటే ఒక్క అంకె కాదు, రెండు అంకెల మధ్య వాలు మాట్లాడుతుంది.

పుట్టుకతో వచ్చే సూచికలు

ఇంతవరకూ చూసినవి ప్రస్తుత స్థితిని చెప్పేవి. వ్యసనానికి లోనయ్యే స్వభావం ముందే ఉందా అని చెప్పడానికి ప్రయత్నించే సూచికలు వేరు. కవలలపై జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మద్య వ్యసనానికి లోనయ్యే అవకాశంలో వ్యక్తుల మధ్య తేడాలకు సుమారు సగం కారణం వంశపారంపర్యం. కానీ ఆ సగం ఎన్నో జన్యువుల మధ్య చిన్న చిన్న ముక్కలుగా పంచుకుని ఉంది.

వాటిలో స్పష్టంగా పనిచేసేవి మద్యాన్ని విరిచే ఎంజైముల జన్యువులు. తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్‌డీహెచ్2 జన్యువు రూపభేదం ఉన్నవారిలో, మద్యం విరిగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ పేరుకుని, కొద్దిగా తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారం వస్తుంది. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మందు చేసేదీ ఇదే. ఈ రూపభేదం వ్యసనం నుంచి చాలావరకు కాపాడుతుంది. మెదడు తరంగాల్లో పీ300 అనే అలను 1984లో హెన్రీ బెగ్లీటర్ బృందం పరిశీలించింది. మద్యం ముట్టని మగపిల్లల్లో కూడా తండ్రి మద్య వ్యసనపరుడైతే ఆ అల ఎత్తు తక్కువగా ఉన్నట్టు తేలింది. మార్క్ షుకిట్ మరో దారిలో వెళ్లి, ఎంత తాగినా తక్కువ ఎక్కినట్టుండే యువకులకు తర్వాతి సంవత్సరాల్లో వ్యసనం వచ్చే అవకాశం ఎక్కువని చూపారు. "మావాడికి ఎంత తాగినా ఎక్కదు" అని గర్వంగా చెప్పుకునేవారు ఈ ఫలితాన్ని తెలుసుకోవడం మంచిది.

ఈ రంగంలో ఎందుకు తొందరపడకూడదో ప్లేట్‌లెట్లలోని మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైము కథ చెబుతుంది. చిన్న వయసులో మొదలై దుడుకు ప్రవర్తనతో కూడిన వ్యసనంలో ఈ ఎంజైము తక్కువగా ఉందని ఎన్నో అధ్యయనాలు ప్రకటించాయి, దాన్ని ఆ ఉపరకానికి గుర్తుగా భావించారు. తర్వాత పొగాకు పొగే ఈ ఎంజైమును అణిచివేస్తుందని తేలింది. ఆ ఉపరకంలో ఎక్కువమంది పొగతాగేవారు. కొలిచింది చాలావరకు సిగరెట్టునే. చరిత్రలో పొగతాగే అలవాటు రాయమన్నది ఇలాంటి కారణాల వల్లనే.

ఉపరకాన్ని గుర్తించడం

1960లో ఇ. ఎం. జెలినెక్ తాగుడును ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని ఐదు రకాలుగా విభజించారు. అదుపు తప్పే గామా, అదుపు తప్పినట్టు కనిపించకపోయినా ఒక్కరోజు కూడా మానలేని డెల్టా అన్న తేడా నేటికీ పనికొస్తుంది. మిగిలినవి దాదాపు వాడుకలో లేవు.

1981లో రాబర్ట్ క్లోనింగర్, స్వీడన్‌కు చెందిన మైకేల్ బోమన్, సోరెన్ సిగ్వర్డ్‌సన్ కలిసి దత్తత వెళ్లిన పిల్లల రికార్డుల ఆధారంగా రెండు రకాలను ప్రతిపాదించారు. మొదటి రకం సాధారణంగా 25 ఏళ్లు దాటాక మొదలవుతుంది, స్త్రీపురుషులిద్దరిలోనూ కనిపిస్తుంది, ఆందోళన, అపరాధభావం ఎక్కువ, పరిస్థితుల ప్రభావం ఎక్కువ. రెండో రకం 25 లోపే, ఎక్కువగా మగవారిలో, గొడవలు, చట్టంతో చిక్కులు, కొత్తదనం కోసం వెంపర్లాట వీటితో కలిసి వస్తుంది. తండ్రి నుంచి కొడుకుకు బలంగా సంక్రమిస్తుంది. 1992లో థామస్ బేబర్ బృందం 321 మంది రోగుల లక్షణాలను గణాంక పద్ధతిలో గుంపులుగా విడదీసినప్పుడు కూడా ఇంచుమించు ఇవే రెండు గుంపులు వచ్చాయి. వాటికి ఏ, బి అని పేరు పెట్టారు: ఏ అంటే ఆలస్యంగా మొదలై తక్కువ తీవ్రత గలది, బి అంటే బాల్యంలోనే సమస్యలుండి, త్వరగా మొదలై, ఇతర మత్తుపదార్థాలూ తోడై, తీవ్రంగా నడిచేది.

వియన్నాలో ఓటో లెష్ చేసిన విభజన రోగిని నేరుగా చూసేటప్పుడు ఎక్కువగా పనికొస్తుంది. మొదటి రకంలో విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే మానేసినప్పుడు వచ్చే ఇబ్బందులు, తీవ్రంగా ఉంటాయి, వాటిని తట్టుకోవడానికే తాగుతారు. రెండో రకం ఆందోళనను అణుచుకోవడానికి, మూడో రకం కుంగుబాటుకు మందుగా తాగడం. నాలుగో రకంలో 14 ఏళ్ల లోపే మెదడు ఎదుగుదలలో గానీ ప్రవర్తనలో గానీ చిక్కులుండి, వాటిపైన తాగుడు చేరుతుంది. 2007లో హోవర్డ్ మాస్ బృందం ఆస్పత్రుల్లో కాక అమెరికా సాధారణ జనాభా సర్వేలో మద్య వ్యసనం ఉన్నట్టు తేలిన 1,484 మందిని పరిశీలించి ఐదు గుంపులు చూపింది. అందులో అతి పెద్దది సుమారు 31 శాతంతో యువకుల గుంపు. అందరూ వ్యసనపరుడంటే ఊహించుకునే దీర్ఘకాలిక తీవ్ర రకం సుమారు 9 శాతమే. ఉద్యోగం, సంసారం సాఫీగా సాగుతూనే వ్యసనం ఉన్నవారు సుమారు 19 శాతం.

వీటిలో ఏది సరైనదన్న వాదన కంటే, ఎదుటి మనిషి చరిత్రను ఎలా రాసుకోవాలన్నది ముఖ్యం. కాగితంపై అడ్డంగా ఒక గీత గీసి వయసులు గుర్తించండి. మొదటిసారి తాగింది, వారంవారం అలవాటైంది, మొదటిసారి అదుపు తప్పింది, మొదటిసారి పొద్దున్నే తాగింది, మొదటి వణుకు, మొదటి ఫిట్స్ గీతకు పైన రాయండి. గీతకు కింద బడి మానేయడం, కొట్లాటలు, తలకు దెబ్బలు, కుంగుబాటు, భయాలు, ఆత్మహత్య ప్రయత్నాలు రాయండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కళ్లముందు కనబడుతుంది. కుంగుబాటు తాగుడుకు ముందే ఉందా, లేక తాగుడు తెచ్చిందా అన్నది మాత్రం మానేసి సుమారు నాలుగు వారాలు గడిచేదాకా తేల్చకండి. తాగుడు వల్ల వచ్చినది చాలామందిలో ఆ లోపే తేలికపడుతుంది. ఆత్మహత్య ఆలోచనలుంటే మాత్రం నాలుగు వారాలు ఆగే ప్రసక్తే లేదు, ఆ రోజే చికిత్స మొదలుపెట్టాలి.

ఉపరకాన్ని, సూచికను చికిత్సలో వాడుకోవడం

ఉపరకం తెలిస్తే మందు దానంతట అదే తేలిపోతుందన్నది ఇంకా నెరవేరని ఆశ. కొన్ని జాడలున్నాయి. బేబర్ చెప్పిన బి రకం వారికి కుంగుబాటు మందు ఫ్లూఓక్సెటిన్ ఇస్తే తాగుడు విషయంలో ఫలితం మరింత చెడిందని 1990లలో ఒక పరిశీలన చూపింది. ఏ రకంలో అలాంటిదే మరో మందు సెర్ట్రాలిన్ కొంత మేలు చేసింది. వాంతులకు వాడే ఒండాన్‌సెట్రాన్ చిన్న వయసులో మొదలైన రకంలో పనిచేసినట్టు 2000లో ప్రకటించారు. తాగుడు తగ్గించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ ఎవరికి పనిచేస్తుందో ఓపీఆర్ఎం1 జన్యువు చెబుతుందని తొలి అధ్యయనాలు ఆశ కల్పించాయి, కానీ ముందే జన్యువు చూసి రోగులను పంచి 2015లో ప్రచురించిన పరీక్షలో ఆ తేడా కనిపించలేదు. అందుచేత ఈ రోజు మందు ఎంచుకునేటప్పుడు చూడవలసింది కాలేయం, మూత్రపిండాలు, వాడుతున్న ఇతర మందులు. ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) వాడేవారికి నాల్ట్రెక్సోన్, మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి మద్య వ్యసనానికే ఇచ్చే మరో మందు అకాంప్రోసేట్ ఇవ్వకూడదు. ఉపరకం ఉపయోగపడేది మాట్లాడే తీరులో, ఎంతకాలం వెంట ఉండాలన్న అంచనాలో, కుటుంబంలోని పిల్లల గురించి ముందుగా జాగ్రత్తపడటంలో.

సూచికలకు మాత్రం చికిత్సలో రుజువైన చోటు ఉంది. స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఆరోగ్య తనిఖీలో జీజీటీ పెరిగినట్టు తేలిన నడివయసు మగవారిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును క్రమం తప్పకుండా పిలిచి, ప్రతిసారీ జీజీటీ కొలిచి, ఆ అంకెను చూపించి మాట్లాడారు. 1983లో ప్రచురించిన ఫలితాల్లో ఆ గుంపులో అనారోగ్య సెలవులు, ఆస్పత్రిలో గడిపిన రోజులు రెండో గుంపుకంటే తగ్గాయి. కొత్త మందేదీ లేదు. అంకె, దాన్ని చూపించి మాట్లాడే మనిషి.

అలా చేయదలచినవారు మొదటి రోజు పెత్, జీజీటీ, ఎంసీవీ తీసుకుని, పెత్‌ను మూడు నాలుగు వారాలకొకసారి, జీజీటీని నెలకొకసారి కొలవడం చాలు. పరీక్ష ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పి ఒప్పుకున్నాకే నమూనా తీసుకోవాలి. ఫలితాన్ని ముందు ఆ వ్యక్తికే చూపించి, అతను అనుమతిస్తేనే ఇంట్లోవారికి చెప్పాలి. అంకె దిగితే పాత అంకె పక్కన కొత్తది రాసి గీత గీసి చూపించండి. ఎక్కితే నిలదీయకుండా, గడిచిన మూడు వారాల్లో ఏ రోజులు కష్టంగా గడిచాయని అడగండి. చాలామంది ఆ ప్రశ్నకు తామే తేదీ చెబుతారు. మాటకూ అంకెకూ పొంతన లేకపోతే శానిటైజర్, మౌత్‌వాష్, రక్తం ఎక్కించుకోవడం, నమూనా నిల్వ వీటిని ఒకసారి తరచిచూసి, వేరే జాతి సూచికతో మళ్లీ పరీక్ష చేయించాకే చికిత్స పద్ధతిని మార్చాలి.